బొగ్గు గీతల లెక్క

మా అక్క తన కూలి లెక్కను గోడ మీద రాసుకొనేది. పనికి పోయిన రోజుకు ఒక నిలువు గీత, సగం రోజుకు సగం గీత, నాలుగు నిలువు గీతలు నిండితే వాటి మీదుగా ఒక అడ్డగీత. రాత్రి వంట ముగిశాక పొయ్యిలోంచి తీసి చల్లార్చిన బొగ్గుముక్కే ఆమె కలం. అప్పటికి ఆమెకు పదమూడేళ్ళు, నాకు తొమ్మిది ఉంటాయి. కూకట్‌పల్లి వైపు లేస్తున్న ఒక అపార్ట్‌మెంటు పునాదుల పక్కన, సిమెంటు పెట్టకుండా ఇటుకలు పేర్చి పైన రేకులు కప్పిన గుడిసెలో మేము ఉండేవాళ్ళం. కట్టడం పూర్తయ్యాక ఆ గుడిసెను విప్పి అవే ఇటుకలను ప్రహరీకి వాడేవారు కనుక, అక్క రాసిన లెక్కలు ఇవాళ ఎవరి ప్రహరీలో, ఏ వరుసలో, ఏ సున్నం కింద ఉన్నాయో చెప్పలేను.

మాది నారాయణపేట దిక్కున ఒక చిన్న ఊరు. ఎక్కడ ఆనకట్ట కట్టినా, ఎక్కడ కాలువ తవ్వినా పాలమూరు లేబరు ఉండాల్సిందేనని పెద్దలు ఒక విధమైన గర్వంతోనే చెప్పుకొనేవారు గాని, ఆ గర్వం వెనుక ఎండిపోయిన చేలు, తీరని అప్పులు ఉండేవి. గుంపు మేస్త్రీ ఊరికి వచ్చి ఇంటింటికీ అడ్వాన్సు ఇచ్చిపోయేవాడు. ఆ డబ్బు పెళ్ళికో, పాత బాకీకో, వైద్యానికో వారం తిరక్కుండా ఖర్చయిపోయేది. ఆ తరువాత ఏడాది పొడుగునా చేసే పని ఆ ఖర్చయిన డబ్బుకు చేసేదే. 1991 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యులు నూటికి 44 మంది ఉంటే, మా పాలమూరులో, అంటే మహబూబ్‌నగర్ జిల్లాలో, 30 మంది కూడా లేరు. ఆడవాళ్ళలోనైతే అయిదుగురిలో ఒకరికి కూడా అక్షరం రాదు. ఈ అంకెలను నేను చాలా ఏళ్ళ తరువాత చదివాను. చదివినప్పుడు ఆశ్చర్యపోలేదు. మా గుంపులో ఇరవై మందికి పైగా ఉంటే పుస్తకం చూసి పేరు పిలవగలిగినవాడు మేస్త్రీ ఒక్కడే.

నన్ను బడిలో వేయడానికి మా నాయన పెద్దగా ఆలోచించలేదు. నేను మోయగలిగింది తక్కువ, కాళ్ళకూ చేతులకూ అడ్డం పడేది ఎక్కువ. అక్క సంగతి వేరు. ఆమె అప్పటికే అవ్వతో, అంటే మా అమ్మతో, సమానంగా ఇటుకలు ఎత్తేది, రోజుకు 15 రూపాయలు తెచ్చేది. బడిలో ఫీజు లేదని ఎవరు చెప్పినా అవ్వ ఒకటే అడిగేది: "ఫీజు లేదు సరే, పిల్ల పోతె దాని కూలి ఎవలిస్తరు?" ఆ ప్రశ్నకు మా బస్తీకి వచ్చిన ఏ పెద్దమనిషీ జవాబు చెప్పగా నేను వినలేదు. బ్యాంకులో చేరి అసలూ వడ్డీ లెక్కగట్టడం వృత్తిగా మారిన తరువాత, ఆమె అడిగినదే అసలు ప్రశ్న అని నాకు అర్థమైంది. పేదింటి పిల్లల చదువుకయ్యే ఖర్చులో ఫీజు చిన్న భాగం. పెద్ద భాగం ఆ పిల్లలు ఇంటికి తేకుండా పోయిన కూలి. దాన్ని ఎవరో ఒకరు పూడ్చాలి. మా ఇంట్లో అక్క పూడ్చింది.

బడిలో చేరడం కూడా సులువుగా జరగలేదు. పుట్టిన తేదీ కాగితం కావాలన్నారు, ఊళ్ళో చదివి ఉంటే ఆ బడి నుంచి టీసీ తెమ్మన్నారు, చదవకుంటే ఇంత వయసు వచ్చేదాకా ఏం చేశావన్నారు. నాలుగుసార్లు తిరిగాము. తిరిగిన ప్రతిసారీ నాయనకు సగం హాజరు పోయేది. చివరికి ఒక సారు మా మీద జాలిపడో, విసిగిపోయో, నా పళ్ళు చూసి, ఎత్తు చూసి, జూన్ 1వ తేదీ వేసి రిజిస్టరులో ఎక్కించి మూడో తరగతిలో కూర్చోబెట్టారు. నా తరం ప్రభుత్వ బడి పిల్లల్లో జూన్‌లో పుట్టినవాళ్ళే ఎక్కువగా ఎందుకుంటారో తెలియనివాళ్ళకు ఇది చెప్పాలి. 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యా హక్కు చట్టంలో, వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో గాని, టీసీ రావడం ఆలస్యమైందన్న కారణంతో గాని ఏ పిల్లకూ ప్రవేశం నిరాకరించరాదని స్పష్టంగా రాశారు. ఆ వాక్యాలు చదువుతున్నప్పుడు, ఆఫీసు గది బయట చెప్పులు చేతిలో పట్టుకొని నిలబడిన నాయన ముఖమే కళ్ళ ముందుకు వచ్చింది. ఆ చట్టం రాసినవాళ్ళలో ఒకరైనా అలాంటి గది బయట నిలబడ్డవారు ఉండే ఉంటారనుకున్నాను.

నాలుగో తరగతిలో ఉండగా జరిగిన ఒక సంగతి. శనివారం సాయంత్రం మేస్త్రీ హాజరు పుస్తకం ముందు పెట్టుకొని వారం కూలి పంచుతున్నాడు. అక్కకు నాలుగున్నర రోజులని చెప్పి డబ్బు చేతిలో పెట్టాడు. అక్క కదలలేదు. "ఆరు రోజులు చేసిన, గోడ మీద ఉన్నది చూడు" అంది. మేస్త్రీ నవ్వాడు. "గోడ మీద గీతలు ఎవలైనా గీస్తరు. బుక్కుల ఉంటెనే లెక్క." నేను అతని వెనుక నిలబడి పుస్తకంలోకి చూశాను. అక్క పేరుకు ఎదురుగా గడుల్లో ఆరు గుర్తులు ఉన్నాయి, రెండింటి మీద మాత్రం తరువాత ఎప్పుడో వేరే రంగు సిరాతో దిద్దినట్టు ఉంది. పైకి అనేశాను. నాయన నా జబ్బ పట్టుకొని బయటికి ఈడ్చుకొచ్చాడు. "నోరు మూసుకో బిడ్డా, మనం అతని బాకీల ఉన్నం" అన్నాడు. ఆ వారం అక్కకు డబ్బు పూర్తిగా రాలేదు. అయితే మరుసటి వారం నుంచి అక్క గోడ మీద గీసిన గీతలను నేను నోటు పుస్తకంలో తేదీలు వేసి ఎత్తి రాసేవాణ్ణి. శనివారం ఆ పుస్తకం అక్క ఒళ్ళో తెరిచి ఉండేది. మేస్త్రీ దాన్ని అడిగి చూసింది లేదు గాని, దిద్దడం మానేశాడు. తరువాత దీన్ని ఎవరికి చెప్పినా, చదువు మీ ఇంటికి తొలి లాభం తెచ్చిందన్నమాట అని మెచ్చుకొనేవారు. నాకు మాత్రం ఇంకొకటి గుర్తుకొస్తుంది. అక్క లెక్క మొదటి నుంచీ తప్పు కాదు. నా పుస్తకంలో ఉన్నది ఆమె లెక్కే. అంకెల్లోకి మారేదాకా దానికి చెల్లుబాటు లేకపోయింది, అంతే.

ఆ రోజుల్లోనే అక్షరాస్యతా కార్యక్రమం వాళ్ళు మా గుడిసెల దగ్గర రాత్రి బడి పెట్టారు. జాతీయ అక్షరాస్యతా మిషన్ 1988లో మొదలైంది. నాలుగైదేళ్ళలో ఆ వేడి బస్తీలకూ చేరింది. ఒక కందిలి, పది పలకలు, వాచకాలు, పక్క బస్తీ నుంచి వచ్చే ఇంటర్ చదివే అమ్మాయి. అక్క పదకొండు రాత్రులు వెళ్ళింది. పలక మీద తన పేరు రాయడం నేర్చుకుంది. ఆ పేరు గురించి ఒక మాట చెప్పాలి. కాగితాల మీద ఆమె పేరులో ‘క్ష’ ఉంటుంది; మా ఊళ్ళో, మా ఇంట్లో, పని దగ్గర అందరి నోటా అది ‘చ్చ’. రాత్రి బడి అమ్మాయి పిలిచే పేరునే రాయించింది. పన్నెండో రాత్రి స్లాబు పని పడింది, అక్క పోలేదు; ఆ తరువాత మేమే అక్కడి నుంచి మరో చోటికి మారిపోయాము. రాత్రి బడి చదువు మా అక్కకు ఇచ్చింది ఆ సంతకం ఒక్కటే గాని, ఆ చదువును తక్కువ చేసి మాట్లాడడం నాకు ఇష్టం ఉండదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఇలాంటి రాత్రి బడిలోనే కదా ఆడవాళ్ళు సారా గురించిన పాఠం చదివి, తమ ఊరి దుకాణం మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. మా గుడిసెల్లో శనివారం సాయంత్రాలు ఆ చలికాలం కొంచెం మారాయి. ఆ నిషేధంలో ఎన్ని బొక్కలు ఉండేవో నాకు తెలియనిది కాదు. అయినా రెండు మూడు నెలలు మా ఇంట్లో శనివారం కూలి ఆదివారం పొద్దుటికి మిగలడం నేను కళ్ళారా చూశాను.

ఏడో తరగతి తరువాత నాకు సాంఘిక సంక్షేమ హాస్టల్లో సీటు దొరికింది. జుమ్మెరాత్ బజార్లో ఒక పాత ట్రంకు పెట్టె కొన్నారు. దాని మూత మీద ఎవరిదో పేరు గోకేసిన గుర్తు ఉండేది, గొళ్ళెం వదులుగా ఉండేది. హాస్టల్లో అన్నంలో రాళ్ళు ఏరుకొనేవాళ్ళం, సాంబారులో ముక్క దొరికినవాణ్ణి ఆ పూటకు అదృష్టవంతుడనేవాళ్ళం, చలికాలంలో ఒక దుప్పటి ఇద్దరం కప్పుకొనేవాళ్ళం. వీటి గురించి చెప్పమంటే ఇప్పటికీ గంటలకొద్దీ చెబుతాను, కాస్త పెంచి కూడా చెబుతాను. అయితే ఆ హాస్టలు మా ఇంటికి చేసిన మేలు తిండి నాణ్యతలో లేదు. మూడు పూటల ముద్ద ఇంటి లెక్కలోంచి తీసివేయడంలో ఉంది. అంతవరకు నా చదువుకు రెండు ఖర్చులు ఉండేవి, నేను తేని కూలి ఒకటి, తినే తిండి ఒకటి. రెండోది ప్రభుత్వం మీదికి పోయింది. పి.వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా ఉన్న 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల పెట్టడం వెనుకా, ఎస్.ఆర్. శంకరన్‌గారి వంటి అధికారి సంక్షేమ హాస్టళ్ళనూ గురుకులాలనూ దళిత పిల్లల కోసం ప్రాణంగా చూసుకోవడం వెనుకా ఉన్న లెక్క ఇదేనని నేను అనుకుంటాను. శంకరన్‌గారు తన జీతంలోంచి పేద పిల్లల చదువుకు డబ్బిచ్చేవారన్న సంగతి హాస్టళ్ళలో చదివిన మా వంటివారికి కథల్లా వినిపించేది. ఇంకా వెనక్కు వెళ్తే, కోఠీకి దగ్గర్లోని ఇసామియా బజారులో భాగ్యరెడ్డివర్మగారు అంటరానివారన్న పిల్లల కోసం 1910 ప్రాంతంలోనే బడి తెరిచారు. డిగ్రీ రోజుల్లో ఆ వీధుల మీదుగా ఎన్నోసార్లు నడిచాను, ఆ సంగతి తెలియకుండానే.

పదో తరగతి పరీక్ష ఫీజు కట్టాల్సి వచ్చింది. మినహాయింపు కావాలంటే ఆదాయ ధ్రువపత్రం తేవాలన్నారు. మా అవ్వ మండల కార్యాలయానికి రెండు రోజులు తిరిగింది. ఏడాదికి మూడు చోట్లు మారే మాకు చిరునామా ఏది? ఊరికి వెళ్ళి తెమ్మన్నారు. తాము పేదవాళ్ళమని రుజువు చేసుకోవడానికి రెండు రోజుల కూలి, బస్సు ఛార్జీలు పోగొట్టుకోవడం ఎంత విచిత్రమో ఆలోచించే తీరిక అప్పుడు ఎవరికీ లేదు. గడువు దగ్గర పడింది. అక్క స్లాబు పనికి ఒప్పుకుంది.

స్లాబు వేసే రోజుకు కూలి ఎక్కువ. మొదలుపెట్టాక కాంక్రీటు ఆరిపోకముందే ముగించాలి కాబట్టి తెల్లవారుజామున మొదలైన పని అర్ధరాత్రి దాటినా ఆగదు. కింద కాంక్రీటు కలిపే మిల్లరు తిరుగుతూ ఉంటుంది. తట్టలు చేతులు మారుతూ మెట్టు మెట్టూ ఎక్కి మూడో అంతస్తు చేరతాయి. ఖాళీ తట్టలు పైనుంచి విసిరితే కింద ఎవరో ఒకరు పట్టుకుంటారు. నేను ఆదివారం హాస్టలు నుంచి వచ్చి ఆ రాత్రి ఇసుక కుప్ప మీద కూర్చొని చూశాను. వరుసలో అక్కది మలుపు దగ్గరి చోటు, అక్కడ తట్ట అందుకొని ఒళ్ళంతా తిప్పి అవతలివారికి ఇవ్వాలి. పొద్దున ఆమె చేతివేళ్ళ చివర్లు తెల్లగా ఉబ్బి, చీలికల్లో సిమెంటు నిండి ఉంది. కొబ్బరినూనె రాసుకొని, వేళ్ళు మడవకుండా, కొంగుముడి నన్నే విప్పుకోమంది. ఫీజుకు సరిపోగా ఎనిమిది రూపాయలు మిగిలితే పెన్ను కొనుక్కోమంది.

1998 మార్చిలో పరీక్షలు రాశాను, పాసయ్యాను. ఆ ఏడాది నవంబరులోనే మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. హైదరాబాదు రాత మారిందని పత్రికలు రాశాయి, అది నిజమే. ఆ చుట్టుపక్కల లేచిన అపార్ట్‌మెంట్లలో మా గుంపు ఇంకో నాలుగేళ్ళు పనిచేసింది. నా పది అయ్యేదాకా ఆగిన అక్క పెళ్ళి ఆ ఎండాకాలం జరిగింది. అప్పటికి ఆమెకు ఇరవై ఒకటి. మా ఊరి లెక్కలో అది ముదిరిన వయసు. ఆలస్యానికి కారణం కట్నమని ఊరంతా అనుకుంది. కారణం నా పుస్తకాలని మా నలుగురికి తెలుసు.

డిగ్రీలో నా పక్కన కూర్చొనే మిత్రుడు రంగారెడ్డి జిల్లావాడు. పదకొండేళ్ళ దాకా ఒక ఆసామి దగ్గర జీతం ఉండి, ఎం.వి. ఫౌండేషన్ వాళ్ళ శిబిరంలో కొన్ని నెలల్లో నాలుగైదు తరగతుల చదువు అందుకొని నేరుగా పై తరగతిలో చేరాడు. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం చెప్పిన శాంతా సిన్హాగారు నడిపించిన పని అది. 2003లో ఆమెకు మెగసెసే పురస్కారం వచ్చినప్పుడు ఇద్దరం ఇరానీ చాయ్‌తో పండుగ చేసుకున్నాము. వాళ్ళ సూత్రం ఒకటే: బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికుడే. మొదటిసారి విన్నప్పుడు నాకు కోపం వచ్చింది. ఇంట్లో గతిలేక పనికి పంపేవారిని తప్పుపట్టినట్టు అనిపించింది. మిత్రుడే సరిదిద్దాడు. "మా నాయన చేతగానివాడు కాదు, నన్ను అడగడానికి వచ్చినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు" అన్నాడు. శిబిరంలోనే ఉండి తిని చదువుకున్నాడు కదా, మరి నీ కూలి పోయింది కదా అంటే, ఆ ఏడాది వాళ్ళ నాయన అదనంగా పనిచేశాడట. పిల్లవాడి కూలి పెద్దవాడి మీదికి పోవడం న్యాయమే. మా ఇంట్లో అది ఇంకో పిల్ల మీదికి పోయింది.

చిక్కడపల్లి గ్రంథాలయంలో రెండేళ్ళు బల్ల మీద చోటు కోసం పొద్దున ఏడింటికే సంచీ పెట్టి, పోటీ పరీక్షలు రాసి, చివరికి బ్యాంకులో గుమాస్తానయ్యాను. ఆ రెండేళ్ళ గురించి ప్రత్యేకంగా చెప్పవలసింది లేదు. అక్కడ కూర్చున్నవాళ్ళందరి కథా ఒకటే. మొదటి జీతంతో మేస్త్రీ బాకీ తీర్చాము. పెద్ద మొత్తం కాదు, పదిహేనేళ్ళుగా తరగకుండా ఉన్న మొత్తం.

2017లో యునెస్కో ఒక అంచనా ప్రకటించింది: ప్రపంచంలోని పెద్దలందరూ మాధ్యమిక విద్య పూర్తి చేసి ఉంటే 42 కోట్ల మంది పేదరికం నుంచి బయటపడేవారని. ఆ వార్తను కత్తిరించి డైరీలో పెట్టుకున్నాను. 1973 నుంచి 1978 దాకా ఇండోనేషియా చమురు డబ్బుతో 61 వేలకు పైగా ప్రాథమిక పాఠశాలలు కట్టిందనీ, ఆ బళ్ళు ఎక్కువగా కట్టిన చోట్ల పెరిగిన పిల్లలు ఎక్కువ చదివి ఎక్కువ కూలి సంపాదించారనీ 2019లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకొన్నవారిలో ఒకరైన ఎస్తేర్ డఫ్లో నిరూపించారు. బడి కడితే ఫలితం ఉంటుందనడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు. అయినా నన్ను ఎక్కువగా ఆకట్టుకొన్నవి మరో రెండు. బంగ్లాదేశ్ 1994 నుంచి పల్లెటూళ్ళలో ఆరు నుంచి పది దాకా చదివే ఆడపిల్లలకు భృతి ఇచ్చింది. హాజరు 75 శాతం ఉండాలి, పెళ్ళి చేయకూడదు. మెక్సికో 1997లో మొదలుపెట్టిన పథకంలో పిల్లల్ని బడికి పంపే తల్లులకు డబ్బిచ్చింది. మాధ్యమిక తరగతుల్లో ఆడపిల్లకు మగపిల్లవాడి కన్నా ఎక్కువ ఇచ్చింది, చదువు మాన్పించేది ముందుగా ఆడపిల్లనే కాబట్టి. "దాని కూలి ఎవలిస్తరు" అన్న మా అవ్వ ప్రశ్నకు అంత దూరంలో, అంత ఆలస్యంగా నాకు కనబడిన జవాబులు ఇవి.

మా అక్క కూతురు 2000లో పుట్టింది. అది బడికి పోయేనాటికి మన దగ్గర మధ్యాహ్న భోజనం మొదలై రెండేళ్ళయింది; 2001 నవంబరులో సుప్రీంకోర్టు వండిన అన్నమే పెట్టాలని ఆదేశించడం, 2003లో మన రాష్ట్రంలో అమలు కావడం వల్ల, ఆ పిల్ల పలకతో పాటు పళ్ళెం కూడా పట్టుకొని పోయేది. అయిదో తరగతికి సాంఘిక సంక్షేమ గురుకులంలో సీటు వచ్చింది. 2014 మేలో అదే సంస్థలో చదివే పదమూడేళ్ళ మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కినప్పుడు, మా మేనకోడలు ఎండాకాలం సెలవుల్లో ఇంట్లో ఉండి, మా మూడంతస్తుల అద్దె ఇంటి మెట్లను రోజుకు ఇరవైసార్లు ఎక్కి దిగి అందరి ప్రాణం తీసింది. అది కొండలేమీ ఎక్కలేదు. పదో తరగతి మంచి మార్కులతో పాసై, 2016లో ఇంటర్‌కు మరో గురుకుల కళాశాలకు బయలుదేరింది. కొత్త ట్రంకు పెట్టె కావాలంది.

డబ్బు నేనిస్తానన్నాను. అక్క ఒప్పుకోలేదు. జనధన్ మొదలైన 2014లో నేనే దగ్గరుండి తెరిపించిన ఖాతాలో ఇళ్ళలో పనిచేసి కూడబెట్టినది ఉంది, అందులోంచి తీస్తానంది. ఆ రోజు సెలవు పెట్టి నేనూ తోడు వెళ్ళాను. ఆ ఖాతా నేను పనిచేసే చోటిది కాదు. కౌంటరులోని కుర్రవాడికి నేనెవరో తెలియదు. చీటీ మీద అక్క తనే సంతకం చేసి లోపలికి తోసింది. అతను కంప్యూటరు తెర చూశాడు, చీటీ చూశాడు, మళ్ళీ తెర చూశాడు. "సంతకం కలవడం లేదమ్మా." రోజుకు అయిదారుసార్లు నేను ఇదే మాట, ఇదే గొంతుతో అంటాను. తొంగి చూశాను. ఖాతా తెరిచిన రోజు ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలని నేను పక్కన కూర్చొని దిద్దించిన ‘క్ష’ తెర మీద ఉంది. చీటీ మీద రాత్రి బడి ‘చ్చ’ ఉంది.

కుర్రవాడు మర్యాదగానే స్టాంపు ప్యాడ్ ముందుకు జరిపాడు. "వేలిముద్ర వేసేయండి, సరిపోతుంది." వెనుక వరుసలో ఎవరో దగ్గారు. అక్క ఆ ప్యాడ్‌ను ఒక వేలితో పక్కకు జరిపి, "తమ్మీ, ఇంకో చీటీ తే" అంది. తెచ్చాను. రాసి చూపనా అని అడిగితే వద్దంది. స్లాబు రాత్రి తరువాత సరిగ్గా మడతపడని ఆ వేళ్ళతో పెన్ను నిలువుగా పట్టుకొని, గోడ మీద గీసినట్టు ఒక్కొక్క గీతనే వేసుకుంటూ వెళ్ళింది. ‘క్ష’ దగ్గర ఆగింది, తల ఎత్తకుండానే కాసేపు ఆలోచించింది, కింది ముడిని కొంచెం పెద్దగా తిప్పింది. కుర్రవాడు తెర వైపు చూసి ముద్ర కొట్టాడు.

నోట్లు చేతికి వచ్చాక ఆమె కౌంటరు దగ్గర నుంచి కదలలేదు. నాలుగు నిలువుగా పెట్టి అయిదోది వాటి మీద అడ్డంగా పెడుతూ, అన్నీ అయ్యేదాకా లెక్కపెట్టింది. వెనుకవాళ్ళు ఆగారు.